వరద లెక్క: ఏ గడి దగ్గర ఆగాలి?

గోదారి వరద అనగానే పెద్దవాళ్ళు పెద్ద అంకెనే చెప్తారు. భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. కానీ లంకల్లో ఉన్నోళ్ళకి ముందు కావలసింది ఆ అంకె కాదు. నీళ్ళు హెచ్చరిక గుర్తుని ఎప్పుడు అందుకున్నాయో తెలియాలి. ఈ లెక్క కంప్యూటరుకి ఎలా చెప్పాలో చూద్దాం.

అర్రే అంటే ఒకే పేరు మీద వరసగా ఉన్న గళ్ళు. మన ట్రంకుపెట్టెలు వరసగా పెట్టి నంబర్లు వేసినట్టే. కాకపోతే సి భాషలో నంబర్లు 0 నుంచి మొదలవుతాయి. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు ఉన్నాయి. వాటిని అర్రేలో పెడితే మొదటిది 0, చివరిది 174 అన్నమాట.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడేసి గంటలకి ఒకసారి చూసిన మట్టాలు ఇవి అనుకుందాం. (లెక్క కోసం నేను వేసిన అంకెలు.)

గడి 0 – 10.60
గడి 1 – 11.20
గడి 2 – 11.90
గడి 3 – 12.80
గడి 4 – 13.40
గడి 5 – 13.10

చేసే పద్ధతి:

1. జవాబు = -1 అని ముందే రాసుకోవాలి.
2. 0వ గడి నుంచి ఒక్కొక్కటి చూడాలి.
3. గడిలో అంకె 11.75 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆ గడి నంబరుని జవాబులో వేసి, అక్కడే ఆగిపోవాలి.

మొదట్లో 0 ఎందుకు రాయకూడదు? 0 కూడా ఒక గడి నంబరే కదా! నీళ్ళు అసలు గుర్తు దాకా రాకపోయినా, మొదటి గడిలోనే వచ్చేశాయని కంప్యూటరు చెప్పేస్తుంది. -1 నంబరు గడి లేదు. అందుకని -1 వస్తే హెచ్చరిక లేదని అర్థం.

ఇక్కడ జవాబు 2. ఆగకుండా పెద్ద అంకె కోసం చివరిదాకా వెతికితే 4వ గడి వస్తుంది. 2కీ 4కీ మధ్య 6 గంటలు. ఆ 6 గంటల్లో ముసలోళ్ళనీ, పసిపిల్లల్నీ, గొడ్లనీ ఒడ్డుకి చేర్చొచ్చు. అందుకే ఈ లెక్కలో ఎక్కడ ఆగాలో తెలియడమే ముఖ్యం.

మీకో ప్రశ్న: నీళ్ళు తగ్గేటప్పుడు 11.75కి తక్కువ కాకుండా ఉన్న ఆఖరి గడి ఏదో తొందరగా తెలియాలంటే ఏ వైపు నుంచి చూడాలి? జవాబు ఈ కాగితం కింద రాయండి.

– 9వ తరగతి విద్యార్థిని