పెద్దపేగు క్యాన్సర్: చిన్న వయసువారి కణితి దారి వేరు

హైదరాబాద్‌లో ఆబిడ్స్ నుంచి మొజంజాహి మార్కెట్ దాటి నాంపల్లి వైపు వెళ్లే దారిలో తుల్జాగూడ కాంప్లెక్స్ ఉంది. ఉప్పల్‌కు మారకముందు డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ ప్రయోగశాలలు అందులోనే నడిచాయి. ఆ సంస్థ పేరు చెబితే జనానికి హత్య కేసుల్లో డీఎన్‌ఏ పరీక్షలే గుర్తొస్తాయి. కానీ అక్కడి శాస్త్రవేత్త మురళీధరన్ బాష్యం, ఆయన బృందం పెద్దపేగు క్యాన్సర్ కణితుల్లో జన్యువులు ఎలా దెబ్బతింటున్నాయో ఓపిగ్గా పరిశీలించారు. వారికి తేలిన విషయం 2014లో 'మాలిక్యులర్ కార్సినోజెనెసిస్' పత్రికలో అచ్చయింది. మన దేశంలో చిన్న వయసులో ఈ జబ్బు బారిన పడుతున్నవారి గురించి అది చెప్పిన మాట ఇంకా చాలామందికి చేరలేదు.

అది అర్థం కావాలంటే ముందు పాఠ్యపుస్తకాల్లో ఉన్న కథ తెలియాలి. 1990లో అమెరికా శాస్త్రవేత్తలు ఫియరన్, వోగెల్‌స్టీన్ ఒక క్రమాన్ని ప్రతిపాదించారు. పేగు లోపలి పొర మీద చిన్న బొడిపె లాంటి పాలిప్ పుడుతుంది. అది ఏళ్ల తరబడి పెరుగుతూ క్యాన్సర్‌గా మారుతుంది. సాధారణంగా మొదట ఏపీసీ అనే జన్యువు, తర్వాత కేరాస్, బాగా ముదిరాక పీ53 చెడిపోతాయి. ఈ మార్పుల్లో ఎక్కువ భాగం తల్లిదండ్రుల నుంచి వచ్చినవి కావు. ఆ మనిషి పేగు కణాల్లో, ఆ మనిషి జీవితకాలంలోనే జరిగినవి. కాబట్టి 'మా వంశంలో ఎవరికీ లేదు' అన్న ధీమాకు అర్థం లేదు.

వీటిలో ఏపీసీ సంగతి కాస్త వివరంగా చూడాలి. కణంలో బీటా కెటెనిన్ అనే ప్రోటీన్ నిత్యం తయారవుతూ ఉంటుంది. అది మితిమీరకుండా ఎప్పటికప్పుడు నాశనం చేయించే యంత్రాంగంలో ఏపీసీది కీలక పాత్ర. ఏపీసీ పాడైతే ఆ ప్రోటీన్ పేరుకుపోయి కణకేంద్రకంలోకి చొరబడుతుంది. అక్కడ చేరి, విభజన చెందమని కణాన్ని పురిగొల్పుతూనే ఉంటుంది. దీన్నే వింట్ సంకేత మార్గం తెరుచుకోవడం అంటారు.

ఇది సూక్ష్మదర్శినిలో కంటితో చూడగలిగిన విషయమే. కణితి ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోతపోసి బ్లాక్ చేస్తారు. దాని నుంచి వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పొరను కోసి, గాజు పలక మీద పరిచి, బీటా కెటెనిన్‌ను పట్టుకునే రంగు వేస్తారు. ఆరోగ్యంగా ఉన్న పేగు కణంలో గోధుమరంగు కణం అంచుల వెంట సన్నని గీతలా కనిపిస్తుంది. వింట్ తెరుచుకున్న కణంలో అదే రంగు నట్టనడుమ, కేంద్రకంలో ముద్దగా ఉంటుంది.

రెండో దారి కూడా ఉంది. డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు దొర్లే తప్పుల్ని దిద్దే జన్యువులు నాలుగు ముఖ్యమైనవి: ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2. ఇవి పనిచేయకపోతే తప్పులు గుట్టలుగా పోగుపడతాయి. దీన్ని మైక్రోశాటిలైట్ అస్థిరత అంటారు. పెద్ద వయసులో వచ్చే పెద్దపేగు క్యాన్సర్లలో నూటికి తొంభైకి పైగా ఈ రెండు దారుల్లో ఏదో ఒకటి పట్టినవే.

అయితే ఈ లెక్కలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల రోగుల నుంచి వచ్చినవి. సీడీఎఫ్‌డీ బృందం మన దేశ రోగుల కణితుల్ని చిన్న వయసువి, పెద్ద వయసువి పక్కపక్కన పెట్టి చూసింది. చిన్న వయసువారి కణితుల్లో గణనీయమైన భాగంలో వింట్ తెరుచుకోలేదు, మైక్రోశాటిలైట్ అస్థిరతా లేదు. కేరాస్ మార్పులు కూడా తక్కువే. అంటే జబ్బు పేరు ఒకటే అయినా అది పుట్టిన తీరు వేరు కావచ్చు. మరి దాన్ని నడిపిస్తున్నదేమిటి? 2018లో అదే బృందం, వింట్ తెరుచుకోని మలాశయ కణితుల్లో కాల్షియంతో నడిచే ఎన్‌ఫాట్ అనే మరో సంకేత మార్గం చురుగ్గా ఉందని చూపించింది. రోగనిరోధక కణాల్లో బాగా పరిచయమున్న మార్గమది. ఇది పూర్తి జవాబు కాదు, కానీ వెతకాల్సిన దిక్కు చూపింది. పరాయి దేశాల్లో తేలినదాన్ని మనకు యథాతథంగా అన్వయించుకోకుండా, మన రోగుల కణితుల్ని మనమే చదవాలన్న పట్టుదల నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది.

రోగికి దీంతో పనేమిటని అడగొచ్చు. చాలా ఉంది. కేరాస్‌లో మార్పు ఉంటే సెటుక్సిమాబ్ లాంటి ఖరీదైన మందు పనిచేయదని 2008 నాటికే తేలింది. తప్పులు దిద్దే జన్యువులు చెడిన కణితులకు రోగనిరోధక శక్తిని మేల్కొలిపే మందులు బాగా పనిచేస్తాయి. 2022లో న్యూయార్క్ వైద్యులు వెల్లడించిన ఫలితాల్లో, అలాంటి మందు డోస్టార్లిమాబ్‌తో చికిత్స పూర్తయిన, ఈ లోపమున్న తొలి 12 మంది మలాశయ క్యాన్సర్ రోగులందరిలోనూ కణితి కనబడకుండా పోయింది. పైగా ఆ లోపం పుట్టుకతో వచ్చిన లించ్ సిండ్రోమ్ అని తేలితే, రోగి తోబుట్టువులకూ పిల్లలకూ ఒక్కొక్కరికీ అది సంక్రమించి ఉండటానికి సగం అవకాశం ఉన్నట్టే. వారు ముందుగా కొలనోస్కోపీలు చేయించుకుంటే ప్రాణాలు దక్కుతాయి.

కానీ జన్యువుల దాకా వెళ్లాలంటే ముందు జబ్బు బయటపడాలి కదా. ముప్పై ఏళ్ల మనిషికి మలంలో రక్తం పడితే ఇంట్లోవాళ్లు మొలలే అనుకుంటారు. గోడల మీద పైల్స్ చికిత్స ప్రకటనలు చూసి వెళ్లి నెలలు పోగొట్టుకుంటారు. ఆ నెలల్లో కణితి ముదురుతుంది. డాక్టర్ వేలితో చేసే పరీక్షకు కొన్ని నిమిషాలు చాలు. వేలికందేంత కింద ఉన్న మలాశయ కణితి అందులోనే దొరికిపోవచ్చు. సిగ్గుపడి దాన్ని తప్పించుకోవద్దు. అనుమానం వస్తే వెళ్లడానికి నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లోనే, రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జే ఉంది.

రక్తం పడటం, మలవిసర్జన తీరు మారడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత వారాల తరబడి ఉంటే వయసు చూడకుండా పరీక్ష చేయించుకోండి. క్యాన్సర్ అని తేలితే, తప్పులు దిద్దే జన్యువుల స్థితిని చెప్పే ఎంఎంఆర్ పరీక్ష చేశారా అని డాక్టర్‌ను అడగండి. జబ్బు ఇతర అవయవాలకు పాకి ఉంటే కేరాస్ పరీక్ష గురించీ అడగండి. ఆసుపత్రి మారేటప్పుడు కాగితాలతో పాటు మైనం బ్లాకులూ స్లైడ్లూ అడిగి తీసుకోండి. కణితి జన్యువుల్ని మళ్లీ చదవాల్సి వస్తే పనికొచ్చేవి అవే.