అంగడిలో క్రొత్త యుద్యోగిని

ఉద్యోగము పురుషలక్షణమని మన పెద్దలు చెప్పుచుండెడివారు. సాయంకాలము జీడిమెట్ల బజారున క్షణకాలము నిలిచి చూచినచో ఆ మాట యెంత పాతబడినదో కన్నులకే తెలియును. హైదరాబాదునకు పడమట గాజుమేడలలో కంప్యూటరు కొలువులు వెలసినవి. ఉత్తరమున నున్న జీడిమెట్ల మాత్రము మందులు, రసాయనములు, యంత్రభాగములు తయారగు కర్మాగారముల తావు. శ్రీకాకుళము మొదలు ఒడిశా, బీహారుల వరకు గల జనులు పొట్ట చేతబట్టుకొని యిచ్చటికి వచ్చియున్నారు. షిఫ్టు ముగించుకొని వచ్చు వారిలో స్త్రీలు గలరు. వారికి బియ్యము, పప్పు, సబ్బు అమ్ము పెద్ద యంగళ్లలో బిల్లు కౌంటరు కడ నిలుచున్న వారిలోను అనేకులు స్త్రీలే.

పూర్వము కిరాణా దుకాణమున మన యెదుట గూర్చున్నవాడే యజమాని. తూకము తగ్గినను, పప్పులో పురుగు కనబడినను, మన కోపము తగులువాడును, తప్పు దిద్దగలవాడును ఒక్కడే. నేటి పెద్ద యంగడిలో ఎదుట నిలుచున్న యమ్మాయి ధర నిర్ణయింపదు, సరకు తెప్పింపదు, యంత్రము బాగుచేయదు. అయినను కోపమంతయు ఆమె మీదనే పడును. అత్తమీది కోపము దుత్తమీద జూపుట యనగా నిదియే.

మా యింటికి నాలుగిండ్ల యవతల నున్న యొక పిల్ల, ఇంటరు చదివినది, ఇటీవల నట్టి యంగడిలో చేరినది. ఆమె పేరును, అంగడి పేరును ఇచ్చట చెప్పము. చేరిన రెండవ వారమున జరిగిన సంగతి ఆమెయే చెప్పగా వింటిమి.

అది జీతములు వచ్చిన తరువాతి శనివారము. కౌంటరు ముందు పదిమంది నిలిచియున్నారు. కర్మాగారమున పనిచేయు నొక నలువదేండ్ల స్త్రీ నెల సరకులు తీసికొని, ఫోనుతో సొమ్ము చెల్లించెను. ఆమె ఫోనులో సొమ్ము పోయినట్లు సందేశము వచ్చినది. అంగడి యంత్రమున మాత్రము వచ్చినట్లు చూపలేదు. "మాకు రాలేదమ్మా, మళ్లీ కొట్టండి" అని మన పిల్ల యనెను.

"నా పైసలు కట్టయినయి. మీకు రాలేదంటె నేనేం జేయాలె? ఇంకోసారి యాడికెంచి తేవాలె?" అని ఆ స్త్రీ గొంతెత్తెను.

"రూలు అంతేనమ్మా. పక్కకు జరగండి, వెనుక వాళ్లున్నరు" అని పిల్ల బదులు చెప్పెను.

ఆ మాటతో నిప్పులో నెయ్యి పోసినట్లైనది. మీరందరు దొంగలని ఆమె యరచెను. వెనుకనున్న యొకడు తన ఫోనుతో చిత్రము తీయసాగెను. పిల్లకు కన్నీరు వచ్చినది. కన్నీటి వెనుక మరియొక భయము కూడ నున్నది: జాలిపడి సరకు లిచ్చివేసిన పిమ్మట సొమ్ము రానిచో, తన జీతములో కోసికొందురేమో!

అప్పుడు చాల యేండ్లుగా పనిచేయుచున్న యొక పెద్ద యుద్యోగిని వచ్చెను. ఆమె వరుసను ప్రక్క కౌంటరునకు పంపి, ఆ స్త్రీకి ఒక స్టూలు చూపి కూర్చుండబెట్టెను. "అక్కా, జీతం పైసలు పోయినయంటె ఎవ్వరికైనా గుండె దడదడ కొట్టుకుంటది. ఏమైందో మొదటిసంది చెప్పు" అనెను. చెప్పినదంతయు అడ్డు రాక వినెను. ఫోనులోని సందేశము చూచి, పండ్రెండంకెల లావాదేవీ సంఖ్యను, వేళను, మొత్తమును చీటిపై వ్రాసి, సూపర్వైజరు చేత సంతకము చేయించి యిచ్చెను. "ఇప్పుడు ఇంటికి తప్పకుండ ఏం గావాలె?" అని యడిగెను. మనుమరాలికి పాలపొడి! చేతనున్న నగదుతో దానిని మాత్రము కొని, తక్కిన సరకులను పేరు వ్రాసి ప్రక్కన పెట్టించి ఆమె వెడలిపోయెను. ఆమె కోపము పూర్తిగా పోలేదు గాని, గొంతు తగ్గినది.

సోమవారమునాడు సొమ్ము ఆమె ఖాతాకే తిరిగి చేరెను. సాయంకాలము వచ్చి, చెల్లించి, సరకులు తీసికొని, మన పిల్ల వైపు తిరిగి, "ఆ దినం నీ మీద ఒర్లిన బిడ్డా, ఏమనుకోకు" అనెనట.

పిల్ల చెప్పినదానిలో అబద్ధ మేమియు లేదు. సొమ్ము నిజముగనే రాలేదు. లోపమెల్ల వరుసలో నున్నది. నష్టపోయినవారికి మొదట కావలసినది నియమము కాదు, తన మాట వినబడినదను నమ్మకము. ఆ పిమ్మటనే నియమము చెవికెక్కును. కావున క్రొత్తగా కొలువున చేరు మన బిడ్డలకు నాలుగు మాటలు చెప్పవలసియున్నది. వారు చెప్పునది తుదివరకు వినవలెను. విన్నదానిని మరల మీ మాటలలో చెప్పి సరిచూచుకొనవలెను. మీ చేతిలో నున్న పని యేదో, అది యెప్పటికగునో స్పష్టముగ చెప్పవలెను; చేతిలో లేనిదానిని మాట యీయరాదు. గొంతులు లేవకమునుపే పై యుద్యోగిని పిలువవలెను. పిలుచుట ఓటమి కాదు. నోరు మంచిదైన ఊరు మంచిదగునను సామెత ఊరకే పుట్టలేదు.

చట్టము కూడ కొంత తెలిసియుండవలెను. ఇట్లు అంగడికి చేరక చిక్కుకొన్న యూపీఐ సొమ్ము, చెల్లింపు దినము తరువాత ఐదు దినములలోపల తనంతట తిరిగి రావలెననియు, ఆలస్యమైనచో దినమునకు 100 రూపాయల వంతున పరిహార మీయవలెననియు రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఉత్తరువు చేసినది. అదే సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము బిల్లు ఈయకుండుట అక్రమ వ్యాపారము. లోపము గల వస్తువును బిల్లులో వ్రాసిన గడువులోపల, గడువు వ్రాయనిచో ముప్పది దినములలోపల, తిరిగి తీసికొనకుండుటయు నట్టిదే. ఫిర్యాదునకు 1915 అను ఫోను సంఖ్య కలదు. ఈ మాటలు తెలిసిన యుద్యోగిని "రూలు అంతే" యనదు, దారి చూపును.

ఇక జీతము కోత మాట. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన వేతన చట్టము ప్రకారము, సొమ్ము నష్టము ఉద్యోగి యజాగ్రత్త వలననే నేరుగా కలిగినప్పుడు గాని, అదియు సంజాయిషీ చెప్పుకొను అవకాశ మిచ్చిన పిమ్మట గాని, జీతమున కోయరాదు. యంత్రపు దోషము ఆమె దోషము కాదు.

ఓర్పునకును ఒక హద్దు కలదు. సొమ్ము పోయి యరచుట వేరు, బూతులాడుట వేరు, చేయి పట్టుకొనుట వేరు. పనిచేయు చోటికి వచ్చిపోవువారి నుండియు స్త్రీకి రక్షణ కల్పించుట యజమాని విధియని 2013 నాటి చట్టము చెప్పుచున్నది. నవ్వుముఖముతో నిలుచుటయు శ్రమయే యని అమెరికా సామాజికశాస్త్రవేత్త్రి ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లోనే ఒక గ్రంథమున వివరించెను. కొనుగోలుదారుల దుర్భాషల నుండి ఉద్యోగులను కాపాడుటకు దక్షిణ కొరియా 2018లో చట్టము తెచ్చెను. టోక్యో నగరపు శాసనము 2025 ఏప్రిలు నుండి అమలులోనున్నది. మన పొరుగున, దినమంతయు నిలువుకాళ్లపై నుండు స్త్రీలు పోరాడగా, అంగళ్లలో కూర్చుండు హక్కు కేరళలో 2018లోను, తమిళనాడులో 2021లోను చట్టమైనది. కాళ్లు పీకుచున్న పిల్ల నోట తీయని మాట వచ్చుట ఎంత కష్టమో మనకు తెలియదా?

సోదరీమణులారా! మనము కొనువారము, మన బిడ్డలో, చెల్లెండ్రో అమ్మువారు. లోపమున్నచో అడుగుడు, బిల్లు చూపుడు, పై యుద్యోగిని పిలిపింపుడు; మీ సొమ్మును వదలుకొనవలదు. అయితే కౌంటరు కడ నున్న పిల్ల మీ సొమ్ము తీసికొన్నది కాదని మాత్రము జ్ఞాపకముంచుకొనుడు. ఆ కర్మాగారపు స్త్రీ తిరిగి వచ్చి చెప్పిన యా యొక్క మాటకు మన పిల్ల ఆ రాత్రి కడుపునిండ నన్నము తినెనని ఆమె తల్లి మాతో చెప్పినది.