కోరుకొండ అని కొడితే ఏ కోరుకొండ రావాలి?

పేరున్న కోరుకొండలు రెండున్నాయి. ఒకటి రాజమండ్రి నుంచి గోకవరం వెళ్లే దారిలో, కొండ మీద లక్ష్మీనరసింహస్వామి కొలువైన ఊరు. రెండోది విజయనగరం దగ్గర, 1962లో సైనిక్ స్కూలు వచ్చిన ఊరు. ఊళ్ల వివరాలతో ఒక వెబ్‌సైటు కడుతున్నాం అనుకుందాం. ఎవరైనా అడ్రసు చివర '/కోరుకొండ' అని కొడితే ఏ ఊరి పేజీ చూపించాలి? అది తేల్చే పని రౌటింగ్‌ది.

ఇదంతా ఎందుకు, ఊరికో ఫైలు పెడితే పోదా? తొలి రోజుల్లో అలాగే ఉండేది. అడ్రసు అంటే సర్వర్‌లో ఫైలు ఉన్న చోటు. కానీ వేల ఊళ్లకు వేల ఫైళ్లు రాసేదెవరు? డేటాబేసులోంచి వివరాలు తీసి, అడిగిన పేజీని అప్పటికప్పుడు తయారుచేసి ఇవ్వడమే ఇప్పటి పద్ధతి. ఏ అడ్రసు వస్తే ఏ ఫంక్షన్ పనిచేయాలో మనమే చెప్పాలి. సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడపడానికి 2009లో రయన్ డాల్ తెచ్చిన నోడ్.జెఎస్ అడ్రసును ఉత్త స్ట్రింగ్‌గా చేతికిచ్చి ఊరుకుంటుంది. మరుసటి ఏడాది దాని మీద టీజే హోలోవేచుక్ చేసిన ఎక్స్‌ప్రెస్ అనే ఫ్రేమ్‌వర్క్‌తో ఆ స్ట్రింగ్‌ను విడగొట్టి పోల్చే బాధ తప్పింది.

ఎలా పోలుస్తుంది? '/:జిల్లా/:ఊరు' అని ఒక రూట్ రాస్తాం. (కోడ్‌లో ఈ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోవడం మేలు.) కోలన్ ఉన్న చోట ఏ మాట వచ్చినా సరే, దాన్ని పట్టి మనకిస్తుంది. జిల్లాలు వేరు కాబట్టి అలా రెండు కోరుకొండలూ వేరుపడ్డాయి. పేజీ అడిగే గెట్‌కు ఒక రూట్, వివరాలు పంపే పోస్ట్‌కు ఒక రూట్ విడిగా ఉండొచ్చు. ప్రశ్నార్థకం తర్వాత వచ్చే భాగాన్ని మాత్రం రూట్ పోలికలో చూడదు.

వరస చాలా ముఖ్యం. ఎక్స్‌ప్రెస్ రూట్లను మనం రాసిన క్రమంలోనే పైనుంచి కిందికి చూస్తుంది. '/ఊళ్లు/వెతుకు' అనే పేజీని '/:జిల్లా/:ఊరు' కింద రాస్తే దాని వంతు రాదు. 'ఊళ్లు' అనే జిల్లాలో 'వెతుకు' అనే ఊరు ఉందేమోనని సర్వర్ డేటాబేసు గాలిస్తుంది. ఖాయమైన మాటలున్న రూట్లు ముందు, కోలన్‌వి తర్వాత, ఏదీ కలవనప్పటి 404 అన్నిటికన్నా చివర.

తెలుగులో అడ్రసులు పెట్టేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. 'కోరుకొండ'లో యూనికోడ్ గుర్తులు 8. ఒక్కోటి 3 బైట్లు, అడ్రసులో వెళ్లేటప్పుడు ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు. బ్రౌజరులో ముచ్చటగా కనిపించే ఆ పేరు సర్వర్‌కు 72 అక్షరాల దండగా చేరుతుంది. 'క' ఒక్కటే '%ఈ0%బి0%95'. కోలన్‌తో పట్టిన మాటను ఎక్స్‌ప్రెస్ తిరిగి తెలుగులోకి మార్చే ఇస్తుంది. రూట్‌లోనే తెలుగు మాట నేరుగా రాస్తే మాత్రం, వచ్చింది శాతం గుర్తుల రూపం కాబట్టి, రెండూ కలవవు. రూట్‌లోని ఆ మాటను కూడా ఎన్‌కోడ్ చేసి ఇవ్వాలి. ఇది తెలియక 'తెలుగు పనిచేయదు' అని వదిలేసి ఇంగ్లీషు స్పెల్లింగులకు పోవడం అన్యాయం. తెలుగు వికీపీడియా అడ్రసులు ఏళ్లుగా తెలుగులోనే నడుస్తున్నాయి.

మరి జిల్లా పేరు అడ్రసులో పెట్టడం మంచిదేనా? కాదనే నా అభిప్రాయం. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పశ్చిమ గోదావరిలో ఉన్న కొవ్వూరు తూర్పు గోదావరిలోకి వచ్చింది, తూర్పు గోదావరిలో ఉన్న అమలాపురం కోనసీమకు వెళ్లింది. అలా జిల్లా మారిన ఊళ్ల లింకులన్నీ ఆ రోజుతో తప్పులయ్యాయి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ వేరే కోడ్ ఉంది. అడ్రసులో ఆ కోడ్, దాని పక్కన చదువుకోవడానికి ఊరి పేరు ఉంటే చాలు. వెతికేది కోడ్‌తోనే కాబట్టి రెండు కోరుకొండలకూ గొడవ ఉండదు.

ఇప్పటికే జిల్లా పేర్లతో సైటు నడుపుతున్నవాళ్లు పాత రూట్లను కొట్టేయకండి. 301 (శాశ్వత మళ్లింపు)తో కొత్త అడ్రసుకు మళ్లించండి. ఆ లింకును ఎవరో ఎప్పుడో వాట్సాప్‌లో దాచుకుని ఉంటారు.