గోడ మీది జేగురు రంగు

ఇంటికి రంగులు వేయించాలనుకుంటే రంగుల కొట్టులో మీ ముందు ఒక కార్డు పెడతారు. అందులో 'టెర్రకోట' అనే ముదురు ఎరుపు ఒకటి ఉంటుంది. ఈ మాట ఇటలీది, 'కాల్చిన మట్టి' అని అర్థం. రంగు మాత్రం మనకు కొత్తది కాదు. పల్లెల్లో అరుగులకు పూసే జేగురు దాదాపు ఇదే.

కుండకూ, ఇటుకకూ, జేగురుకూ, పాత ఇళ్లలోని రెడాక్సైడ్ గచ్చుకూ ఎరుపు ఎక్కడి నుంచి వచ్చింది? అన్నిటిలోనూ ఉన్నది ఫెర్రిక్ ఆక్సైడ్. ఇనుముకు పట్టే తుప్పుకు ఇది దగ్గరి చుట్టం. తుప్పులో నీరు కూడా కలిసి ఉంటుంది. ఈ పదార్థం తెల్లని కాంతిలోని నీలం, ఆకుపచ్చ కిరణాలను చాలావరకు పీల్చుకుని, ఎరుపును తిప్పి పంపుతుంది. కుమ్మరి ఆవంలో గాలి బాగా ఆడితే మట్టిలోని ఇనుము ఆక్సిజన్‌తో కలిసి కుండ ఎర్రబడుతుంది. గాలి అందకుండా మూసి పొగ పెడితే అదే మట్టి నల్లని కుండ అవుతుంది!

ఈ రంగు ఎందుకు వెలిసిపోదో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఇందులోని ఇనుము ఇప్పటికే ఆక్సిజన్‌తో పూర్తిగా కలిసిపోయింది. గాలి దాన్ని ఇంకేమీ చేయలేదు. ఎండకూ చెదరదు, సున్నంలోని క్షారానికీ లొంగదు. మధ్యప్రదేశ్‌లోని భీమ్‌బెట్కా రాతి గుహల్లో ఆదిమానవులు వేసిన ఎర్రని బొమ్మలు వేల ఏళ్లుగా నిలిచి ఉన్నది ఇలాంటి రంగుతోనే.

అయితే గది నాలుగు గోడలకూ దీన్నే వేస్తే చిక్కు వస్తుంది. తెల్లగోడ తన మీద పడిన కాంతిలో సుమారు 80 శాతం తిప్పి పంపుతుంది. ముదురు జేగురు గోడ 20 శాతం పంపడమూ కష్టమే. అదే బల్బు, అదే గది, కానీ మీ పుస్తకం మీద పడే వెలుగు తగ్గిపోతుంది. తిరిగి వచ్చే ఆ కొద్ది కాంతీ ఎర్రగానే ఉంటుంది కాబట్టి తెల్లచొక్కా గులాబీ ఛాయలో కనిపిస్తుంది. చదువుకునే గదిలో ఒక్క గోడకు వేసి, పైకప్పును తెల్లగా ఉంచితే చాలునని నా అభిప్రాయం. ముందుగా గోడ మీద జానెడు మేర పూసి, ఆరాక పగటి వెలుగులో ఒకసారి, రాత్రి దీపం కింద ఒకసారి చూడండి. ఎరుపు కిరణాలు తక్కువగా ఉన్న దీపం కింద ఇది మట్టిగోధుమ రంగులా కనిపించవచ్చు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి పాత రంగుది. ఫెర్రిక్ ఆక్సైడ్‌లో సీసం లేదు. కానీ ఒకప్పుడు తలుపులకూ కిటికీలకూ వేసిన నిగనిగలాడే ఎరుపు, నారింజ, పసుపు ఎనామిల్ రంగుల్లో సీసం సమ్మేళనాలు విరివిగా వాడేవారు. మన దేశంలో 2016లో చేసిన నియమాల ప్రకారం, 2017 నవంబర్ 1 నుంచి ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదు. అంతకు ముందు వేసిన పూతలు చాలా ఇళ్లలో ఇంకా అలాగే ఉన్నాయి. కొత్త రంగు కోసం వాటిని పొడిగా గీకితే సీసం దుమ్ము లేస్తుంది. అది పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాబట్టి గీకే చోటును ముందు నీళ్లతో తడపమనండి. పని ముగిశాక చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి. ఆ రోజుల్లో చంటిపిల్లలనూ గర్భిణులనూ ఆ గదిలోకి రానివ్వకండి.