డాక్టరు చదువుకు పంపిన బిడ్డ ఎలా ఉన్నాడు?



నీట్ ఫలితాలు వచ్చిన వారంలో మన నరసాపురంలో ఎవరి నోట విన్నా ర్యాంకుల మాటే. సీటు వచ్చిన బిడ్డ పేరు ఆదివారం సంఘంలో చెప్పుకుంటాం, అందరం సంతోషిస్తాం. ఆ తర్వాత ఆ బిడ్డ కాకినాడ రంగరాయకో, రాజమండ్రికో, ఏలూరుకో పెట్టె సర్దుకుని వెళ్ళిపోతాడు. మొదటి సంవత్సరం అనాటమీ తప్పితే మాత్రం ఆ కబురు సంఘంలో ఎవరూ చెప్పరు. ఇంట్లో కూడా చెప్పని పిల్లలు ఉన్నారు.

వైద్యం, ఫిజియోథెరపీ చదివే విద్యార్థుల మీద జరిగిన కొన్ని పరిశోధనల గురించి ఈసారి రాస్తున్నాము. రోగుల కోసం వేసే పత్రికలో విద్యార్థుల సంగతి ఎందుకు అనుకోవద్దు. వాళ్ళు మన ఇళ్ళలోని పిల్లలే. రేపు మీ నాడి పట్టుకుని చూసేది కూడా వాళ్ళే.

జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ ఒకటి 2024లో తన నివేదిక ఇచ్చింది. దేశమంతటా ఉన్న మెడికల్ కాలేజీల విద్యార్థులను ఆన్‌లైన్‌లో ప్రశ్నలు అడిగితే 25,590 మంది ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు, 5,337 మంది పి.జి. విద్యార్థులు జవాబిచ్చారు. ఎం.బి.బి.ఎస్. వారిలో 27.8 శాతం మంది తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉందన్నారు. పి.జి. వారిలో అలా అన్నవారు 15.3 శాతం. చనిపోవాలన్న ఆలోచన వచ్చిందని చెప్పినవారు ఎం.బి.బి.ఎస్.లో 16.2 శాతం, పి.జి.లో 31 శాతం.

ఈ అంకెలు చూసి భయపడే ముందు ఒక మాట. ఇవి విద్యార్థులు తమ గురించి తాము చెప్పుకున్న జవాబులు, డాక్టరు పరీక్షించి నిర్ధారించినవి కావు. బాధలో ఉన్నవారే ఇలాంటి ప్రశ్నలకు ఎక్కువగా జవాబిస్తారేమో కూడా. అయినా సగానికి సగం కొట్టివేసినా మిగిలేది చిన్న సంఖ్య కాదు.

ఇది మన దేశపు సమస్య మాత్రమే కాదు. 43 దేశాలలోని పరిశోధనలను కలిపి లెక్కగట్టి 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. వైద్య విద్యార్థులలో 27.2 శాతం మందికి డిప్రెషన్ గాని, దాని లక్షణాలు గాని ఉన్నాయని అందులో తేలింది. కాలేజీలో చేరకముందు, చేరిన తర్వాత అవే ప్రశ్నలు అడిగిన పరిశోధనలలో ఈ లక్షణాలు చేరిన తర్వాత పెరిగినట్లు కనబడింది. అంటే బలహీనమైన పిల్లలే ఈ చదువుకు వస్తున్నారని అనడానికి లేదు. మమ్మల్ని ఎక్కువ బాధపెట్టిన అంకె మరొకటి ఉంది. లక్షణాలు ఉన్నట్లు తేలిన వారిలో చికిత్స కోసం వెళ్ళినవారు 15.7 శాతమే. పక్క బ్లాకులోనే మానసిక వైద్య విభాగం ఉన్నా వెళ్ళరు. ఎందుకు వెళ్తారు? అక్కడ ఓ.పి.లో కూర్చునేది రేపు తనకు మార్కులు వేసే ప్రొఫెసరు. చీటీ రాసేది తన సీనియరు. మేమూ ఆ చదువు చదివి వచ్చినవాళ్ళమే, ఆ బిడియం మాకు తెలుసు.

ఇలాంటి పరిశోధనలలో తరచుగా వాడే ప్రశ్నపత్రంలో 9 ప్రశ్నలు ఉంటాయి. గత రెండు వారాలలో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఇష్టమైన పనుల మీద ఆసక్తి ఉందా, ఇలా అడుగుతారు. ఒక్కో జవాబుకు 0 నుండి 3 వరకు మార్కులు, మొత్తం 27. పది గాని, అంతకు మించి గాని వస్తే డాక్టరును కలవమంటారు. వేలి చివర చుక్క రక్తం తీసి షుగరు చూసినట్లే ఇది కూడా. జబ్బు ఉందని ముద్ర వేయదు, ఇంకా చూడాలని చెబుతుంది.

ఫిజియోథెరపీ పిల్లల సంగతి కొంచెం వేరు. ఇతరుల నడుము నొప్పి తగ్గించడం నేర్చుకునేవారికే నడుము నొప్పి! దక్షిణ ఆస్ట్రేలియాలో ఒక విశ్వవిద్యాలయపు ఫిజియోథెరపీ విద్యార్థులను అడిగి 2003లో ప్రచురించిన పరిశోధనలో, 69 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు నడుము నొప్పి అనుభవించామన్నారు. గడచిన ఏడాదిలోనే వచ్చిందన్నవారు 63 శాతం. తల వంచుకుని గంటల తరబడి కూర్చోవడానికీ, రోగులకు చికిత్స చేసే శ్రమకూ ఈ నొప్పితో సంబంధం కనబడింది. కిటికీ దగ్గర తల వంచి లేసు అల్లే మన తల్లులకు ఈ మాట కొత్తగా ఉండదు. మీకు చెప్పినట్లే వాళ్ళకూ చెబుతాము: అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి, పుస్తకం ఒళ్ళో కాక బల్ల మీద ఉండాలి.

ఆ టాస్క్‌ఫోర్స్ కాలేజీలకూ కొన్ని సూచనలు చేసింది. పి.జి. విద్యార్థులకు వారానికి 74 గంటలకు మించి డ్యూటీ వేయవద్దని, వారంలో ఒక రోజు సెలవు ఇవ్వాలని, రోజుకు 7, 8 గంటల నిద్ర ఉండాలని చెప్పింది. అమలు చేయవలసింది కాలేజీలు. అంతవరకు ఇంటివాళ్ళం ఊరకే కూర్చోలేము కదా.

తల్లిదండ్రులారా, ఫోనులో మొదటి ప్రశ్న మార్కుల గురించి ఉండనివ్వకండి. "తిన్నావా అమ్మా, రాత్రి నిద్ర పట్టిందా" అని అడిగి, జవాబు పూర్తిగా వినండి. పరీక్ష తప్పితే సప్లిమెంటరీ రాయవచ్చునని, ఒక సంవత్సరం పోయినా మనకేమీ నష్టం లేదని, ఆ బిడ్డ పరీక్ష తప్పకముందే ఒకసారి చెప్పి ఉంచండి. అప్పు చేసి చదివిస్తున్న సంగతి వాళ్ళకు ఎలాగూ తెలుసు, ప్రతి ఫోనులోనూ గుర్తు చేయనక్కరలేదు. ఫోను ఎత్తడం మానేసినా, సెలవులకు వచ్చి గదిలోనే ఉండిపోయినా, ఇష్టమైన పులస కూర పెట్టినా కెలికి వదిలేసినా, రెండు వారాలకు మించి అలాగే ఉంటే డాక్టరుకు చూపించండి. "నేను లేకపోతే మీకు బాధ తప్పుతుంది" వంటి మాట వస్తే ఆ రోజే బయలుదేరండి, ఒంటరిగా వదలకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి జంకవద్దు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది అనుకుంటారు గాని, పరిశోధనలలో అలా కనబడలేదు.

ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ ఫోను నంబరు 14416. రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. బిడ్డ చేత నంబరు రాయించి పెట్టండి. తల్లిదండ్రులైనా అదే నంబరుకు ఫోను చేసి, మా అబ్బాయి ఇలా ఉన్నాడు, ఏం చేయాలి అని అడగవచ్చు.