దీర్ఘవ్యాధులు – దేహపరిశ్రమ

భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసు 1959వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన ప్రారంభమైనది. పని వెదకుకొనుచు వచ్చిన తెలుగు కుటుంబములు అనేకము ఆ పట్టణమున స్థిరపడినవి. సెక్టర్ 7 వంటి పేటలనుండి తొలి తరమువారు సైకిళ్లపై డ్యూటీకి పోయెడివారు. నేడు సైకిలుకు బదులు మోటారు సైకిలు వచ్చినది. పార పట్టవలసిన చోట్ల పెక్కింట మీట నొక్కిన చాలును. కష్టము తగ్గుట మంచిదే. కాని మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు అను దీర్ఘవ్యాధులకు కదలిక లేని జీవనము ఒక ముఖ్యకారణము.

"కర్మాగారములో పని చేయువానికి వేరే వ్యాయామమెందుకు?" అని కొందరడుగుదురు. అది ఏ పని అన్నదే ప్రశ్న. క్రేను నడుపు కార్మికుడు షిఫ్టులో అధికభాగము క్యాబినులో కూర్చుండియే యుండును. కంట్రోలు రూములోని ఉద్యోగి స్థితియు అట్టిదే. ఇట్టి భేదమునే లండన్ నగరపు బస్సులలో డాక్టరు జెర్రీ మోరిస్ పరిశీలించి 1953లో ప్రకటించెను. డ్రైవరు కూర్చుండును, కండక్టరు రెండంతస్తుల బస్సు మెట్లను దినమెల్ల ఎక్కి దిగును. డ్రైవర్లకంటె కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కానవచ్చెను.

మధుమేహము సంగతి మన దేశముననే తేలినది. రక్తమున చక్కెర హెచ్చుచున్నను ఇంకను మధుమేహము రాని 531 మందిని డాక్టరు ఎ. రామచంద్రన్ బృందము చెన్నైలో గమనించి, 2006లో ఫలితములు ప్రకటించినది. మామూలు సలహా మాత్రమే పొందినవారిలో మూడేండ్లకు నూటికి 55 మందికి వ్యాధి వచ్చెను. నడక, ఆహారనియమము పాటించినవారిలో 39 మందికే వచ్చెను. వ్యాధి అందరికిని తప్పలేదు, నిజమే. అయినను నూటికి 16 మంది తప్పించుకొనుట స్వల్పమా?

పని చేయుచున్న కండరము ఇన్సులిన్ సాయము లేకయే రక్తములోని చక్కెరను గ్రహింపగలదు. ఈ గుణము ఒకటి రెండు దినములలో సన్నగిలును. కావున ఆదివారమున మాత్రము అలసిపోవునట్లు నడచి, తక్కిన దినములు ఊరకుండుట చాలదు. వారమునకు 150 నుండి 300 నిమిషములు నడువవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. మాటలాడగలిగి పాట పాడలేనంత వేగము కావలెను. ఇంటిపనియే చాలునని గృహిణులు తలంతురు. ఊపిరి వేగమగు పని మాత్రమే ఈ లెక్కకు వచ్చును. వారమునకు రెండు దినములు, చేతులూనక కుర్చీనుండి పలుమారులు లేచుట వంటి బలమిచ్చు పనులును చేయవలెను.

ఇదివరకే వ్యాధి యున్నవారు డాక్టరు నడిగి, మెల్లగా ఆరంభింపవలెను. మందులు తమంత తాము మానరాదు. ఇన్సులిన్ తీసికొనువారు జేబులో చక్కెర ఉంచుకొనవలెను. పాదములు తిమ్మిరిగా నుండువారు చెప్పులు లేక నడువరాదు. ఇంటికి వచ్చి అరికాళ్లను చూచుకొనవలెను. ఛాతీలో నొప్పి తోచినచో వెంటనే ఆగి, ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. వేసవిలో భిలాయి ఎండ తీవ్రము. సూర్యోదయమునకు ముందే నడచుట మేలు. రాత్రి షిఫ్టు చేసినవారు మాత్రము ముందుగా కంటినిండ నిద్రించి, సాయంకాలము ఎండ తగ్గిన పిదప బయలుదేరవలెను.