కడంబూరు బోళి, కోవిల్పట్టి మిఠాయి

మన పూర్వులు దక్షిణానికి వచ్చి నిలిచిన ఊళ్ళను గురించి, అక్కడి గుళ్ళను గురించి, పాళెగాళ్ళను గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. ఆ ఊళ్ళలో ఏమి తింటారో, ఏమి తాగుతారో రాసేవారు మాత్రం తక్కువ. అందుచేత ఈసారి విరుదునగరం నుంచి కడంబూరు దాకా గల సుమారు 70 కిలోమీటర్ల దారిని కేవలం తిండి కోసమే పట్టుకొని వెళ్ళినాము. పథ్యంలో ఉన్న పాఠకులు ఈ పుటలు తిప్పివేసినా మాకు అభ్యంతరం లేదు.

దారిని గురించి ఒక్క మాట. శ్రీనగరంలో బయలుదేరి కన్యాకుమారి చేరే 44వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా వచ్చి, మధురై దాటిన తరువాత విరుదునగరం, సాత్తూరు, కోవిల్పట్టి పక్కగా పోతుంది. 'పక్కగా' అన్న మాట కావాలనే వేసినాము. నాలుగు వరుసల రోడ్డు వేసినప్పుడు ఊళ్ళను తప్పించి వేసినారు. వెనుక ప్రతి బస్సూ ప్రతి ఊళ్ళోకి వచ్చి పదినిమిషాలు నిలబడేది. ఆ పదినిమిషాల్లో పుట్టినవే ఈ దారిలోని తినుబండారాలు చాలా వరకు. బండి ఆగినచోట బుట్ట వస్తుంది, బుట్ట వచ్చినచోట ఊరికి పేరు వస్తుంది.

ఇక నేల సంగతి. ఇది నల్లరేగడి. తమిళులు కరిసల్ అంటారు. తామ్రపర్ణి తీరాన వరిమళ్ళు అప్పటికే ఇతరుల చేతుల్లో ఉండగా, నీటి వసతి లేని ఈ నల్లనేలను తెలుగు రైతులు ఎక్కువగా ఎన్నుకొన్నారని చరిత్రకారులు చెబుతారు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే వానే ఇక్కడి సేద్యానికి ఆధారం. పత్తి, సజ్జ, జొన్న, మినుము, మిరప, ధనియాలు పండుతాయి. అన్నం సమృద్ధిగా లేని చోట ఫలహారం ఎలా ఉంటుంది? పప్పు, నూనెగింజ, బెల్లం, కారం – వీటితోనే ఉంటుంది. చెడిపోకుండా నిలువ ఉండేదిగానూ ఉంటుంది. ఈ దారి పొడుగునా మాకు కనిపించినది అదే.

విరుదునగరానికి 1923కు ముందు విరుదుపట్టి అని పేరు. కామరాజు పుట్టిన ఊరు. పప్పులకు, నూనెకు, మిరపకాయలకు పెద్ద బజారు. నూనె ఊరు గనుక ఇక్కడి పరోటా కూడ నూనెలోనే వేగుతుంది. అరచేతి వెడల్పున చిన్నది చేసి, వెడల్పాటి పెనం మీద నూనె పోసి అందులో వేయిస్తారు. పైన కరకర, లోపల పొరలు మెత్తన. విరిచి సాల్నాలో నానవేసుకొని తింటారు. (శాకాహారులు ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది. సాల్నా అన్నది ఎక్కువ చోట్ల మాంసపు పులుసే.) రెండు తిన్నవారికి మూడవది తినవలెనని ఉంటుంది కాని, తినకూడదు.

దీనిపై తాగడానికి ఆ ఊరి పానీయమే ఉన్నది. కాళిమార్కు సోడా కంపెనీ 1916లో విరుదునగరంలోనే మొదలయినది. వారి బొవొంటో 1950ల చివర వచ్చినది. ద్రాక్షరుచి కలిగిన నల్లని తీపి సోడా. 1993లో కొకాకోలా తిరిగి మనదేశానికి వచ్చినప్పుడు ఊరూరా ఉన్న సోడా కంపెనీలు ఎన్నో మూతపడినవి, అమ్ముడుపోయినవి. ఇది నిలిచినది. 2017లో తమిళనాట వర్తకులు విదేశీ పానీయాలు అమ్మబోమని తీర్మానించుకొన్నప్పుడు మళ్ళీ వెలుగులోకి వచ్చినది. మాలో పెద్దవారికి అది పెళ్ళిళ్ళ వాసన వేస్తుంది. పిల్లలు మరీ తీపి అన్నారు.

సాత్తూరు వైప్పారు నది ఒడ్డున ఉన్నది. కలం పాళీలు చేసిన ఊరిది. సిరాకలాలు పోయి పాళీల పనీ క్షీణించినది కాని, కారాసేవు మిగిలినది. సెనగపిండిలో మిరపపొడి, వెల్లుల్లి కలిపి, చిల్లుల గరిటె మీద అరచేత్తో రాస్తూ కాగే నూనెలోకి దింపుతారు. మన కారప్పూసకు అన్న వంటిది – లావు, మొరటు, కోపిష్ఠి. వేసవిలో అయితే బస్సు కిటికీల దగ్గరికి దోసకాయలు వస్తాయి. లేత కాయలను నిలువుగా చీల్చి ఉప్పూకారం పూసి ఇస్తారు. కారాసేవు తిన్న నోటికి ఇంతకంటే మంచి మందు లేదు.

ఇక్కడినుంచి పడమరగా పోతే శ్రీవిల్లిపుత్తూరు. ఆముక్తమాల్యద చదివిన మన పాఠకులకు ఆ ఊరిని పరిచయం చేయనక్కరలేదు. రాయలవారు వర్ణించిన విష్ణుచిత్తుని ఇంటి వంటలు వేరు, నేడు ఆ ఊరు ప్రసిద్ధి కెక్కిన పాలకోవా వేరు. పాలు, పంచదార తప్ప మరొకటి పడదు. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు దొరికినది. మా దారి అది కాదు గనుక కోవా పొట్లం ఒకటి తెప్పించుకొని ముందుకు సాగినాము.

కోవిల్పట్టికి వచ్చేసరికి గాలిలోనే బెల్లపు పాకం వాసన తగులుతుంది. వేరుసెనగ మన దేశపు గింజ కాదు. దక్షిణ అమెరికా నుంచి ఓడల మీద వచ్చినది. తమిళంలో దానిని మణిలాక్కొట్టై అని కూడ అనడం ఆ ప్రయాణానికి గుర్తు. నల్లరేగడిలోనూ, చుట్టుపట్ల ఎర్రనేలల్లోనూ అది బాగా పండినది. వేరుసెనగ పాకం పూర్వం పండుగలకూ తిరునాళ్ళకూ తాటిబెల్లంతో చేసుకొనే వస్తువు. 1940ల ప్రాంతంలో బజారువీధిలో అంగడి సరుకుగా మారి, చెరకుబెల్లంతో రోజూ తయారు కాసాగినది. గింజలను వేయించి, పొట్టు ఊది, రెండు బద్దలు చేస్తారు. బెల్లం కరిగించి వడగట్టి పాకం పట్టడమే అసలు విద్య. ఒక చుక్క చల్లని నీళ్ళలో వేస్తే గట్టిపడి టక్కున విరగవలెను. విరగక సాగితే మిఠాయి పంటికి అంటుకొంటుంది, ఎక్కువ ముదిరితే చేదు. ఆ క్షణం చూచుకొని బద్దలు పోసి కలిపి, బల్లమీద పరచి, కర్రతో ఒత్తి, వేడి ఆరకముందే కోస్తారు. మేము చూచిన చోట పాకం దగ్గర నిలబడ్డ ముసలాయన గడియారం వంక గాని, మా వంక గాని ఒక్కసారి కూడ చూడలేదు. బుడగల వంకే చూస్తున్నాడు.

2020 ఏప్రిలులో ఈ కడలై మిఠాయికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో చేసినదానికే ఆ పేరు చెల్లుతుంది. మంచి పనే. అయితే పేరును కాపాడే చట్టం పాకం చూసే చూపును కాపాడలేదు. ముసలాయన కొడుకులు ఇద్దరూ వేరే ఉద్యోగాలలో ఉన్నారట.

కోవిల్పట్టి నుంచి తిరునెల్వేలి వైపు పోతే ఇడైసెవల్ అనే పల్లె వస్తుంది. తమిళ సాహిత్యంలో పేరుపొందిన కి. రాజనారాయణన్ (1923–2021), కు. అళగిరిసామి ఇద్దరూ ఈ ఊరివారే, ఒకే ఏట పుట్టినవారు. రాజనారాయణన్‌గారి మాతృభాష తెలుగు. తెలుగుదేశం నుంచి వచ్చి ఈ నల్లనేలలో అడవి కొట్టి ఊరు కట్టుకొన్నవారి కథను 'గోపల్ల గ్రామం' అని తమిళంలో రాసినారు. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చినది. కరిసల్ నేల మాటలకు నిఘంటువు కూడ కూర్చినారు. ఆ పనికి ఎంత అవసరముందో పక్క పల్లెలో ఒక ఇంట్లో మాకు తెలిసినది.

"ఎండన పడి వచ్చినారు, రాండి నాయనా, కాస్త కూళు తాగండి" అన్నది ఆ ఇంటి అవ్వ. సజ్జలు దంచి, కాచి, రాత్రంతా పులియబెట్టి, మజ్జిగ కలిపిన అంబలి. నంజుకోవడానికి చిన్న ఉల్లిపాయలు, వేయించిన ఊరుమిరపకాయలు. అంగట్లో కొన్నది ఉప్పు తప్ప ఒక్కటీ లేదు. ఈ దారిలో మేము పుచ్చుకొన్నవాటిలో దేనికి మొదటి తాంబూలం అని అడిగితే మేము ఈ చెంబును చూపుతాము. ఇది ఏ బస్సు దగ్గరికీ రాదు, దీనికి ఏ గుర్తింపూ లేదు. సజ్జలను కోస్తాలో గంటెలు అంటారని చెబితే అవ్వ కళ్ళు వెడల్పయినవి. "మా అత్త ఆ మాటే అనేది" అన్నది. మనుమరాలు పదవ తరగతి చదువుతున్నది. ఆ అమ్మాయికి కంబు అన్న మాటే తెలుసు. అంబలి తాగుతావా అంటే తల అడ్డంగా ఊపినది. ఇంట్లో రోటిపని ఆగి ఎన్నాళ్ళయినదో అవ్వకే గుర్తు లేదు. సజ్జలు ఇప్పుడు పొరుగున మిషనుకు పంపుతున్నారు, అది కూడ ఈమె కోసమే.

చివరకు కడంబూరు. తూత్తుకుడి జిల్లాలోని చిన్న పట్టణం. మధురై నుంచి తూత్తుకుడికి రైలుమార్గం 1876లో పడినది. కోవిల్పట్టికీ, 1911లో కలెక్టరు ఆష్‌ను వాంచినాథన్ కాల్చిన మణియాచ్చికీ నడుమ ఈ స్టేషను. ఒంటి పట్టాలమీద ఎదురుబండి కోసం ఇక్కడ బళ్ళు నిలబడేవి. ఆ నిరీక్షణలో ప్రయాణికుల చేతికి వచ్చినదే కడంబూరు బోళి. పసుపు కలిపి నూనెలో నానిన మైదా ముద్దలో సెనగపప్పు పూర్ణమో, కొబ్బరి పూర్ణమో పెట్టి, ఆకుమీద పలుచగా తట్టి, పెనం మీద కాలుస్తారు. మన బొబ్బట్టే. రాయలసీమవారి ఓళిగ, తెలంగాణంవారి పోళె. కాని మన బొబ్బట్టు పండుగనాడు ఇంట్లో కూర్చొని తినేది. కడంబూరు బోళి నిత్యం కిటికీలోంచి చేయి చాచి అందుకొనేది. అందువల్లనే కాబోలు ఇది మరింత పలుచన, నాలుగుగా మడిస్తే ఒక్క చేతిలో ఇమిడిపోతుంది. కొబ్బరిది మాకు ఎక్కువ నచ్చినది. పప్పుది ఆ సాయంత్రానికే కాస్త బిరుసెక్కినది.

2020 తరువాతి సంవత్సరాలలో ఈ మార్గం జంట పట్టాలయినది. ఎదురుబండి కోసం ఆగవలసిన పని లేదు. ప్రయాణికులకు మేలే, మేమూ సకాలంలో ఇల్లు చేరవలసినవారమే. స్టేషను వద్ద ఒక బోళి అమ్మే అమ్మను పలకరించినాము. వెనుక ఒక్క బండికే బుట్ట ఖాళీ అయ్యేదనీ, ఇప్పుడు ఆగే బండి ఒక నిమిషం నిలుస్తుందనీ, ఆ నిమిషంలో మూడు పెట్టెలు అందుకోవడమే గొప్ప అనీ చెప్పినది. మిగిలినవి ఊరి బజారుకూ, కోవిల్పట్టి అంగళ్ళకూ పోతాయి. అక్కడ ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఉంటాయి. రుచి అదే గాని వేడి ఉండదు.

పోదలచిన పాఠకులకు ఒకటి రెండు సూచనలు. తాటిచెట్ల నుంచి సున్నం పూసిన కుండల్లో దించే పదనీరు, ముంజలు కావలసినవారు ఎండాకాలంలో, అదీ ఉదయమే వెళ్ళవలెను. మిఠాయి నెలరోజులకు పైగా నిలుస్తుంది, కారాసేవు రెండు వారాలు. బోళి మాత్రం మరునాటికి దాచవద్దు. కడంబూరులో ఆగే పాసింజరు బండి వేళలు ముందుగా చూచుకొని, కిటికీ పక్కన చోటు సంపాదించి, చిల్లర చేతిలో పట్టుకొని సిద్ధంగా కూర్చొనవలెను.